అంగన్‌వాడీ వాకిలికి ప్రభుత్వ సొమ్ము అడుగుతున్నాం: గ్రామసభ ముందు మీ సలహాలు కావాలి

మూసీతీరం

అందరికీ నమస్కారం. మాది సూర్యాపేట జిల్లాలో చిన్న ఊరు. మా అంగన్‌వాడీ కేంద్రాన్ని ఆనుకొని పంచాయతీకి చెందిన రెండు గుంటల స్థలం ఖాళీగా ఉంది. అక్కడ మూడు దుకాణపు గదులు కట్టి అద్దెకిస్తే ఊరికి ఆదాయం వస్తుందని కొందరు పెద్దలు అంటున్నారు. మేము ఆరేడు కుటుంబాలవాళ్ళం ఆ స్థలాన్ని పిల్లలకే వదలమని అడుగుతున్నాం. చుట్టూ కంచె, నాలుగు చెట్లు, ఒక ఇసుక గుంట, చేతులు కడుక్కోవడానికి పొట్టి కుళాయి. ఇంతే మా కోరిక. పదిహేను రోజుల్లో గ్రామసభ ఉంది.

మా కేంద్రం ఒకటే గది. ఇరవై ఇద్దరు పిల్లలు. ఆ గదిలోనే ఒక మూల వంట. పొయ్యి దగ్గరికి ఎవరూ రాకుండా టీచర్ నేల మీద సుద్దముక్కతో గీత గీస్తారు. అన్నం ఉడికేంతసేపు పిల్లలంతా గీతకు ఇవతల గోడకు వీపు ఆనించి కూర్చోవాలి. మొన్న మా పాప ఇంటికి వచ్చి, మా వంటింటి గడప ముందు కూడా సుద్దతో అడ్డంగా గీత గీసి, నన్ను దాటవద్దంది. ఆ రోజు నుంచే నేను ఈ పని మీద తిరుగుతున్నాను.

సభలో నేను ఏమి మాట్లాడాలి? ఎవరిని ఏమి అడగాలి? తెలిసినవారు చెప్పండి.

లెక్కలపుస్తకం

మీ ఆవేదన అర్థమైంది. అయినా రేపు సభలో ఎవరో ఒకరు అడగబోయే ప్రశ్నలు నేనే ముందుగా అడుగుతాను, కోపగించుకోకండి.

ఒకటి, పల్లెటూరి పిల్లలకు ఆరుబయలు కొత్త కాదు. ఇంటి ముందు మట్టిలో ఆడుకుంటూనే పెరుగుతారు. దానికి పన్నుల డబ్బు ఎందుకు? రెండోది నాకు ఇంకా ముఖ్యం. ఆరేళ్ళలోపు పిల్లల భోజనానికి కేంద్ర ప్రభుత్వం 2017లో ఖరారు చేసిన ఖర్చు రోజుకు తలా 8 రూపాయలు. తీవ్ర పోషకాహార లోపం ఉన్న పిల్లలకైతే 12. ఆ 8 రూపాయలతో ఒక గుడ్డు, పప్పన్నం ఎలా పెట్టగలరు? డబ్బు అడిగే అవకాశం ఒక్కసారే వస్తే నేను ముందు పళ్ళెంలోకి అడుగుతాను, చెట్లకూ ఇసుకకూ కాదు.

పలకాబలపం

నేను ప్రకాశం జిల్లాలో ఇరవై ఆరేళ్ళు అంగన్‌వాడీ టీచరుగా పనిచేసి విశ్రాంతి తీసుకున్నాను. మూసీతీరం గారూ, ఆ గీత నేనూ గీశాను. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు ఆ పేరు సంగతి. అంగన్ అంటే వాకిలి. ముంబయికి ఉత్తరాన కొస్బాడ్ కొండల్లో వార్లీ గిరిజనుల పిల్లలు బడికి రాకపోతే తారాబాయి మోదక్, అనుతాయి వాఘ్ అనే ఇద్దరు బాలవిద్యావేత్తలు బడినే వాళ్ళ ఇళ్ళ వాకిళ్ళలోకి తీసుకువెళ్ళారు. పశువులు కాసే పిల్లల కోసం పచ్చిక బయళ్ళలోనే బడి నడిపారు. గవ్వలు, గింజలు, ఆకులు, గులకరాళ్ళే వాళ్ళ బోధన సామగ్రి. 1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి సేవలు మొదలైనప్పుడు ఆ కేంద్రాలకు ఈ వాకిలి పేరే పెట్టుకున్నాం. యాభై ఏళ్ళు గడిచేసరికి పేరులో వాకిలి మిగిలింది, చాలా ఊళ్ళలో కేంద్రానికి వాకిలి లేదు. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం. సభలో ఎవరైనా "ఇదేదో కొత్త ముచ్చట" అంటే ఈ సంగతి చెప్పండి.

లెక్కలపుస్తకం గారు అన్న మట్టి విషయం. మా రోజుల్లో అది నిజమే. ఇప్పుడు మా ఊళ్ళో వీధి వీధికీ సిమెంటు రోడ్డు గడప దాకా వచ్చింది. దాని మీద ట్రాక్టర్లు, మోటారు సైకిళ్ళు. మిరప కోతల రోజుల్లో తల్లీ తండ్రీ ఇద్దరూ పొద్దున్నే చేనుకు వెళ్తారు. పిల్లవాడిని చూసుకునేది ముసలవ్వ, లేదా బడి మానిన అక్క. ఆమె చేతికి దొరికే ఉపాయం ఫోను. ఊరంతా ఆరుబయలే అయినా, మూడేళ్ళ పిల్లవాడు భయం లేకుండా పరుగెత్తగల జాగా లేదు.

ఇక నా కళ్ళతో చూసిన ఒక సంగతి. కొన్నాళ్ళు మా కేంద్రం ఒక పెంకుటింట్లో అద్దెకు ఉండేది. దానికి పెరడు ఉంది. పెరట్లో మేము సొరపాదు పెట్టాం. మూడున్నరేళ్ళ బాబు ఒకడు చేరి రెండు నెలలైనా నోరు విప్పలేదు. తల ఊపడం తప్ప మాట లేదు. పాదుకు నీళ్ళు పోయడం వాడికి ఇష్టం. కొబ్బరిచిప్పతో తొట్టిలో నీళ్ళు ముంచుకొని వెళ్ళేవాడు. ఆ చిప్పకు కంట్లో చిల్లు ఉంది. పాదు దగ్గరికి చేరేసరికి చిప్ప ఖాళీ. మళ్ళీ వచ్చాడు, మళ్ళీ ఖాళీ. మూడోసారి చిప్పను తిరగేసి చూశాడు, చిల్లులో వేలు పెట్టాడు. తడిమట్టి ముద్ద చేసి అద్దాడు, అది కరిగిపోయింది. చివరికి సొరాకు తుంచి లోపల పరిచి, దాని మీద నీళ్ళు ముంచాడు. సగం నీళ్ళు పాదుకు చేరాయి. పరుగున వచ్చి నా చీర చెంగు పట్టుకొని "ఆకు పెడితే కారట్లేదమ్మా" అన్నాడు. వాడి నోట నేను విన్న మొదటి వాక్యం అది. ఆ వాక్యంలో కారణం ఉంది, ఫలితం ఉంది. నాలుగు గోడల మధ్య అట్టబొమ్మలు చూపించి దాన్ని నేను రప్పించలేకపోయాను.

తిండి ముందా, వాకిలి ముందా అన్నారు. రెండూ ఒకే పిల్లవాడివండీ. పొద్దున గంటసేపు పరుగెత్తిన పిల్లలు అన్నం మిగల్చకుండా తినేవాళ్ళు. వానలకు పెరట్లోకి వెళ్ళలేని రోజుల్లో సగం పళ్ళేలు అలాగే ఉండేవి.

చూపుమేర

నేను కంటి పరీక్షలు చేసే వృత్తిలో ఉన్నాను. హ్రస్వదృష్టితో, అంటే దూరపువి మసకగా కనిపించే లోపంతో, వచ్చే పిల్లల వయసు తగ్గుతోంది. దీని మీద ఒక గట్టి అధ్యయనం ఉంది. చైనాలోని గ్వాంగ్‌ఝౌలో 12 బడులను తీసుకొని, సగం బడుల్లో ఒకటో తరగతి పిల్లలకు రోజూ అదనంగా 40 నిమిషాలు ఆరుబయట గడిపే పీరియడ్ పెట్టారు. మూడేళ్ళ తరువాత చూస్తే కొత్తగా హ్రస్వదృష్టి వచ్చినవారు మామూలు బడుల్లో 39.5 శాతం, ఆరుబయట పీరియడ్ ఉన్న బడుల్లో 30.4 శాతం. 2015లో వెలువడిన ఫలితాలివి. తైవాన్ అయితే 2010 నుంచి రోజుకు రెండు గంటలు బయట ఉండేలా బడులను ప్రోత్సహిస్తోంది.

ఈ జాగ్రత్తకు మందు అక్కరలేదు, యంత్రం అక్కరలేదు. కావలసింది పగటి వెలుతురు. నేరుగా ఎండ కూడా అక్కరలేదు. చెట్టు నీడలోని వెలుతురు గదిలో దీపం వెలుతురుకు ఎన్నో రెట్లు ఎక్కువ. కాబట్టి చెట్లు అందానికి అడుగుతున్నట్టు మాట్లాడకండి.

రెండుజడలు

నాది ఇంకో రకం అనుభవం. మా ఊళ్ళో అంగన్‌వాడీ ఉన్నా, ఇంగ్లిషు రావాలని మా బాబును మూడేళ్ళకే పట్నంలో ప్రైవేటు బడి ఎల్‌కేజీలో వేశాం. పొద్దున ఏడున్నరకు వ్యాను. నాలుగేళ్ళ వాడికి రోజూ రెండు పేజీల రాత హోంవర్కు. పెన్సిల్ పట్టడానికి వేళ్ళలో బలం లేక ఏడ్చేవాడు. నేను చెయ్యి పట్టుకొని రాయించేదాన్ని. ఒకరోజు మా అత్తయ్య వాడికి చేటలో పెసలు, మినుములు కలిపిపోసి వేరుచెయ్యమని ఇచ్చారు. గంటసేపు కదలకుండా కూర్చొని ఏరాడు. వేళ్ళకు పట్టు అలా వస్తుందని నాకు అప్పుడు తెలిసింది.

కానీ ఒక మాట ఒప్పుకోవాలి. తల్లిదండ్రులు అంగన్‌వాడీని బడిగా చూడటం లేదు, పాలు గుడ్లు ఇచ్చే చోటుగా చూస్తున్నారు. చెట్ల కింద ఆట అంటే "చదువు చెప్పరు, ఆడిస్తారు" అంటారు. మూసీతీరం గారి సభలో తల్లుల నుంచే అభ్యంతరం రావచ్చు. వాళ్ళకు ఏమి చెబుతారు?

మంచుదారి

నేను అమెరికాలోని మిషిగన్‌లో ఉంటున్నాను. రెండుజడలు గారి ప్రశ్నకు మా ఇంటికి అరగంట దూరంలోనే ఒక జవాబు ఉంది.

ఇక్కడ యిప్సిలాంటి అనే ఊళ్ళో 1962 నుంచి 1967 వరకు పెర్రీ అనే ప్రభుత్వ బడిలో ఒక ప్రయోగం జరిగింది. పేద నల్లజాతి కుటుంబాల నుంచి 123 మంది పిల్లలు. చీటీలు తీసినట్టు విడదీసి 58 మందికి మూడు, నాలుగేళ్ళ వయసులో మంచి పూర్వ ప్రాథమిక విద్య ఇచ్చారు, 65 మందికి ఇవ్వలేదు. పొద్దున రెండున్నర గంటలు తరగతి. అక్కడ అక్షరాలు రుద్దలేదు. ఇవాళ ఏమి చెయ్యబోతున్నావో పిల్లవాడే చెప్పాలి, చెయ్యాలి, చివర ఏమి చేశాడో మళ్ళీ చెప్పాలి. వారానికోసారి టీచరు ఇంటికి వెళ్ళి తల్లితో కూర్చునేది. ఐదారుగురు పిల్లలకు ఒక టీచరు.

తెలివితేటల పరీక్షలో వాళ్ళకు వచ్చిన ఆధిక్యం కొన్నేళ్ళలోనే కరిగిపోయింది. అప్పుడు ఆపేసి ఉంటే డబ్బు వృథా అనేవాళ్ళు. కానీ పరిశోధకులు వాళ్ళను వదలకుండా నడివయసు దాకా వెంబడించారు. 40 ఏళ్ళ వయసుకు చూస్తే ప్రీస్కూలుకు వెళ్ళినవారిలో 77 శాతం హైస్కూలు పూర్తిచేశారు, వెళ్ళనివారిలో 60 శాతం. ఐదుసార్లు, అంతకంటే ఎక్కువ అరెస్టయినవారు వెళ్ళినవారిలో 36 శాతం, వెళ్ళనివారిలో 55 శాతం. నోబెల్ పొందిన ఆర్థికవేత్త జేమ్స్ హెక్‌మన్ లెక్క కట్టి, ఆ ఖర్చు మీద సమాజానికి ఏటా 7 నుంచి 10 శాతం రాబడి వచ్చిందన్నారు. దుకాణాల అద్దె గురించి మాట్లాడేవారికి ఈ అద్దె కూడా చెప్పండి.

లెక్కలపుస్తకం

మంచుదారి గారూ, ఐదారుగురికి ఒక టీచరు ఉన్న చోటు ఫలితం తెచ్చి ముప్పై మందికి ఒక్కరున్న చోట అతికించడం న్యాయం కాదు. ఇక్కడ ఆ ఒక్కరే రిజిస్టర్లు రాయాలి, ఫోనులో వివరాలు ఎక్కించాలి, బరువులు తూచాలి. మన దేశంలో జరిగిన పని ఏదైనా ఉందా?

తూముగేటు

ఉంది. అదీ అంగన్‌వాడీల్లోనే. తమిళనాడులో నాలుగు జిల్లాల్లోని 320 కేంద్రాల మీద ఆర్థికవేత్త కార్తీక్ మురళీధరన్, ఆయన సహచరులు పరిశీలన చేశారు. కొన్ని కేంద్రాలకు పిల్లల చదువు కోసమే ఒక అదనపు సహాయకురాలిని సగం పూట పనికి పెట్టారు. పిల్లలతో చదువు మీద గడిపే సమయం రెట్టింపయింది. పద్దెనిమిది నెలల తరువాత లెక్కల్లో, భాషలో పిల్లలు ముందున్నారు. ఎదుగుదల లోపం కూడా తగ్గింది, ఎందుకంటే పాత టీచరుకు పోషణ పనికి తీరిక దొరికింది. పెట్టిన ఖర్చుకు 13 నుంచి 21 రెట్ల ప్రయోజనం అని వాళ్ళ అంచనా. తిండికీ చదువుకూ పోటీ పెట్టవద్దని పలకాబలపం గారు చెప్పిందే ఇందులోనూ కనిపిస్తుంది.

నేను పంచాయతీరాజ్ పనుల్లో ఉన్నవాడిని కాబట్టి డబ్బు దారి చెబుతాను. గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికకు తొమ్మిది ఇతివృత్తాలు ఉన్నాయి. వాటిలో మూడోది పిల్లలకు అనుకూలమైన గ్రామం. మీ తీర్మానాన్ని ఆ శీర్షిక కింద రాయించండి, పక్కన పెట్టడం కష్టమవుతుంది. 2021–26 కాలానికి పంచాయతీలకు ఇచ్చిన 15వ ఆర్థిక సంఘం నిధుల్లో 60 శాతం మంచినీటికీ పారిశుద్ధ్యానికీ కేటాయించారు. మీ పొట్టి కుళాయిని అలాంటి నిధుల్లో అడగండి. కంచెను పంచాయతీ తన ఇష్టప్రకారం వాడుకోగల మిగతా నిధుల్లో అడగండి. పెరటి తోటను పోషణ్ వాటిక పేరుతో అడగండి, కేంద్ర ప్రభుత్వ పోషకాహార పథకం పోషణ్ 2.0 లోనే ఆ మాట ఉంది. ముఖ్యంగా కొలతలు వేసిన పటం పట్టుకెళ్ళండి. చేతిలో కాగితం ఉన్నవాడి మాట సభలో చివరిదాకా వింటారు.

ఇంకొకటి. కేంద్రానికి కనీసం 600 చదరపు అడుగుల భవనం, పిల్లలు కూర్చునే గది, విడిగా వంటగది, సామానుగది, ఆడుకునే జాగా ఉండాలన్నది ప్రభుత్వం పెట్టుకున్న ప్రమాణమే. మీరు అదనంగా ఏదీ అడగడం లేదు.

పీఠిక

చట్టం వైపు నుంచి కొంచెం. 1993లో ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కేసులో సుప్రీంకోర్టు పద్నాలుగేళ్ళు నిండేవరకు ప్రతి బిడ్డకూ ఉచిత విద్య ప్రాథమిక హక్కు అంది. కింది వయసు గీత ఏదీ గీయలేదు. 2002లో 86వ రాజ్యాంగ సవరణ ఆ హక్కును 6 నుంచి 14 ఏళ్ళకు కుదించింది. ఆరేళ్ళలోపు వారిని 45వ అధికరణంలో పెట్టి, రాజ్యం "ప్రయత్నించాలి" అని సరిపెట్టింది. 2009 విద్యాహక్కు చట్టంలోనూ అంతే. ఆ చట్టపు షెడ్యూలులో బడికి ఆటస్థలం తప్పనిసరి. అంటే ఆరేళ్ళ పిల్లకు ఆటస్థలం హక్కు, నాలుగేళ్ళ చెల్లికి దయ. ఈ తేడాను నేను ఎన్నిసార్లు చదివినా జీర్ణించుకోలేను. ఆరేళ్ళలోపే మెదడు 85 శాతానికి పైగా ఎదుగుతుందని 2020 జాతీయ విద్యావిధానంలో ప్రభుత్వమే రాసుకుంది. 2030 నాటికి అందరికీ పూర్వ ప్రాథమిక విద్య అందాలని లక్ష్యమూ పెట్టుకుంది.

పలకాబలపం

పీఠిక గారు హక్కు అన్నారు కనుక ఆ వాకిట్లో నిలబడే మనిషి సంగతి కూడా చెప్పాలి. మమ్మల్ని టీచర్లు అంటారు, ఇచ్చేది గౌరవ వేతనం. 2018లో పెంచిన తరువాత కేంద్ర ప్రభుత్వం లెక్కలో నెలకు 4,500, మిగతాది రాష్ట్రం దయ. 2023 డిసెంబరు 12 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో 42 రోజులు సమ్మె చేశాం. సంక్రాంతి కూడా శిబిరాల్లోనే. గ్రాట్యుటీకి మేము అర్హులమని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. వాకిలి కట్టించి, అందులో పిల్లలతో ఉండాల్సిన మనిషిని రిజిస్టర్లకు కట్టేస్తే ఆ ఇసుక గుంటలో గడ్డి మొలుస్తుంది. చెట్లతో పాటు రెండో మనిషిని కూడా అడగండి మూసీతీరం గారూ. ఈ సభలో దొరకదు, కానీ అడిగినట్టు రాతలో ఉండాలి.

రెండుజడలు గారూ, తల్లులకు నేనైతే మాటలతో చెప్పను. ఒక పూట వాళ్ళనే పిలవండి. చింతపిక్కలు గుప్పెట పట్టించి ఎన్నో చెప్పమనండి, పొడుగు పుల్ల పొట్టి పుల్ల వరసలో పేర్చమనండి, తడి ఇసుకలో వేలితో సున్నా చుట్టించండి. అమ్మలు పక్కనే కూర్చొని చూడాలి. నేను ఏటా ఒకసారి అలా చేసేదాన్ని. మరుసటి వారం "మా వాడికి ఇంకా అ ఆ లు రాలేదు" అనేవాళ్ళు తగ్గేవాళ్ళు. అందరూ మారారని చెప్పను. ఇద్దరు ముగ్గురు అయినా ప్రైవేటు బడికి పంపారు.

రెండుజడలు

చింతపిక్కల మాట బాగుంది. మట్టిలో ఆడితే నులిపురుగులు వస్తాయనే భయం మాత్రం నాకూ ఉంది.

చూపుమేర

భయం సహేతుకమే. అందుకే కుళాయి, సబ్బు ఆ పటంలో మొదట ఉండాలి. ఇసుక గుంట మీద రాత్రిళ్ళు పట్టా కప్పితే కుక్కలు, పిల్లులు పాడుచెయ్యవు. కాళ్ళకు చెప్పులు. ఏటా ఫిబ్రవరి, ఆగస్టు నెలల్లో అంగన్‌వాడీల్లో ఇచ్చే నులిపురుగుల మాత్ర తప్పకుండా వేయించండి. ఎండాకాలం తొమ్మిదిన్నర లోపే బయట ఆట ముగించాలి.

మూసీతీరం

నిన్న గ్రామసభ అయింది. జరిగింది జరిగినట్టు రాస్తాను.

పటం తూముగేటు గారు చెప్పినట్టే కొలిచి గీయించాం. సభకు ముందురోజు పలకాబలపం గారి మాట ప్రకారం పద్నాలుగు మంది తల్లులను కేంద్రానికి పిలిచాం. సభలో నేను మాట్లాడింది తక్కువ. మిషిగన్ లెక్క చెప్పినప్పుడు కొందరు విన్నారు, కొందరు ఫోను చూసుకున్నారు. అప్పుడు ఒక నాయనమ్మ లేచారు. మనవడిని ఆమే చూసుకుంటారు, కొడుకూ కోడలూ పత్తి చేనుకు వెళ్తారు. "పొయ్యి ఉన్న గదిలో ఇరవై మందిని గోడకు ఆనించి కూర్చోబెడుతున్నారు. మీ ఇంట్లో అయితే మీ మనవడిని అలా కూర్చోబెడతారా?" అని సూటిగా అడిగారు. ఎవరూ జవాబు చెప్పలేదు.

దుకాణాల ప్రతిపాదన ఆగింది. కానీ పూర్తిగా పోలేదు. రోడ్డు వైపు ఒక్క గది కట్టి, మిగతా స్థలం అంతా కేంద్రానికి రాశారు. ఒకటిన్నర గుంటకు కొంచెం ఎక్కువ ఉంటుంది. కుళాయి, కంచె ఈ ఏడాది ప్రణాళికలోకి ఎక్కాయి. విడి వంటగదికి, రెండో సహాయకురాలికి పైవారికి విన్నపం పంపుతూ తీర్మానం రాశారు. పలకాబలపం గారూ, మీరన్నది రాతలో ఉంది. చెట్లు మేమే తెచ్చుకోవాలన్నారు. ఏవి నాటమంటారు?

లెక్కలపుస్తకం

ఆ ఒక్క గది అద్దెను కేంద్రం నిర్వహణకే వాడాలని వచ్చే సభలో తీర్మానం పెట్టించండి. అప్పుడు కంచె విరిగితే ఎవరినీ బతిమాలనక్కర లేదు. కానుగ మొక్కలు నాలుగు నా వంతు పంపుతాను, చిరునామా విడిగా రాయండి.

పలకాబలపం

కానుగ మంచిదే, తొందరగా నీడ ఇస్తుంది. ఒక వేప, ఒక ఉసిరి కూడా పెట్టండి. గన్నేరు, ఉమ్మెత్త ఆ చుట్టుపక్కల ఉంటే ముందే పీకించండి, పిల్లలు నోట్లో పెట్టుకుంటారు. పొయ్యి ఉన్న గోడకు పడమటి వైపు ఒక కానుగ తప్పక ఉండాలి, మధ్యాహ్నం ఎండ ఆ గోడ మీదే పడుతుంది. గుంతలు ఇప్పుడే రెండడుగుల లోతు తవ్వించి ఎండకు వదిలెయ్యండి. తొలకరి పడగానే ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు నింపి నాటాలి. సొర గింజలు నా దగ్గర ఉన్నాయి, పంపిస్తాను.